జనవరి 1న గార్మిష్‌లో స్కీ జంపింగ్ పోటీ: అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా?

కృష్ణాతీరం రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మేము మ్యూనిక్ నగరంలో ఉంటున్నాము. వచ్చే డిసెంబరులో మా అమ్మానాన్నలు తెనాలి నుంచి మా దగ్గరకు వచ్చి, సంక్రాంతి నాటికి ఇంటికి చేరేలా తిరుగు ప్రయాణం పెట్టుకున్నారు. నాన్నగారు ఒకప్పుడు వాలీబాల్ బాగా ఆడినవారు కావడంతో ఏ ఆట కనిపించినా చివరి వరకూ కూర్చుని చూస్తారు. ఈ మధ్య ఫోనులో స్కీ జంపింగ్ (కాళ్లకు స్కీలు అనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు కొండ మీది ర్యాంపు నుంచి దూకే ఆట) దృశ్యాలు చూసి, రెక్కలు లేని మనిషి నూట ముప్పై మీటర్లు గాలిలో ఎలా సాగిపోతున్నాడని నన్ను పదే పదే అడుగుతున్నారు. అందుకే జనవరి 1న ఇక్కడికి దగ్గరలోని కొండ ఊరు గార్మిష్-పార్టెన్‌కిర్షెన్‌లో జరిగే పోటీకి ఆయనను తీసుకెళ్లాలని అనుకుంటున్నాను.

నాన్నగారి వయసు 66 సంవత్సరాలు, మధుమేహం ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కనుక ఆమెను ఇంట్లోనే ఉంచి మేమిద్దరం వెళ్తే నయమేమోనని కూడా ఆలోచిస్తున్నాను. అక్కడ కూర్చునే చోటు దొరుకుతుందా, చలిని పెద్దవారు ఎంతసేపు తట్టుకోగలరు, ఆట నియమాలు తెలియనివారికి పోటీ అర్థమవుతుందా అన్నవి నా సందేహాలు. స్వయంగా చూసి వచ్చినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

ఆల్ప్స్ అంచు రాశారు:

కృష్ణాతీరం గారూ, తప్పకుండా తీసుకెళ్లండి. మీరు చెబుతున్నది ‘నాలుగు కొండల టోర్నమెంట్’లో రెండవ పోటీ. 1953 నుంచి ఏటా జరిగే ఈ టోర్నమెంట్ డిసెంబరు చివరలో జర్మనీలోని ఓబర్స్ట్‌డోర్ఫ్‌లో మొదలై, జనవరి 1న గార్మిష్‌కు, తరువాత ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కు వెళ్లి, జనవరి 6న బిషోఫ్స్‌హోఫెన్‌లో ముగుస్తుంది. నాలుగు చోట్లా వచ్చిన పాయింట్లను కలిపి విజేతను నిర్ణయిస్తారు. నాలుగు పోటీలనూ ఒకే ఏడాది గెలిచిన ఘనత మొదట 2001-02లో జర్మనీకి చెందిన స్వెన్ హన్నవాల్డ్‌కు, తరువాత 2017-18లో పోలండ్‌కు చెందిన కమిల్ స్టోహ్‌కు, ఆ మరుసటి ఏడాదే జపాన్‌కు చెందిన ర్యోయు కొబయాషికి దక్కింది. హన్నవాల్డ్ తరువాత ఒక్క జర్మన్ కూడా ఈ టోర్నమెంట్‌ను గెలవలేదు. అందువల్ల సొంత గడ్డ మీద జరిగే మొదటి రెండు పోటీలలో ఇక్కడి ప్రేక్షకుల ఆశలు, అరుపులు ఏ స్థాయిలో ఉంటాయో మీరే ఊహించుకోవచ్చు.

ఇక స్థలం విషయానికి వస్తే, మ్యూనిక్ ప్రధాన స్టేషన్ నుంచి ప్రాంతీయ రైలులో గార్మిష్ చేరడానికి సుమారు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. జనవరి 1 సెలవు దినం కనుక బయర్న్ టికెట్ (ఈ రాష్ట్రంలోని ప్రాంతీయ రైళ్లలో ఒక రోజంతా చెల్లే టికెట్) ఆ రోజు ఉదయం తొమ్మిది వరకు ఆగనవసరం లేకుండా అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది, అయిదుగురి వరకు ఒకే టికెట్ మీద ప్రయాణించవచ్చు. పోటీ సాధారణంగా మధ్యాహ్నం రెండు గంటలకు మొదలవుతుంది. దానికి ముందు ట్రయల్ రౌండు కూడా ఉంటుంది కాబట్టి జనం పదకొండు గంటల నుంచే చేరుతుంటారు. స్టేషన్ నుంచి స్కీ స్టేడియం వరకు నడవవచ్చు, కానీ మోకాళ్ల నొప్పులు ఉన్నవారు మంచు గడ్డ కట్టిన బాట మీద గుంపుతో పాటు నడవడం కష్టం. స్థానిక బస్సు ఎక్కడమే మంచిది.

టికెట్లు ప్రధానంగా రెండు రకాలు: నిలబడి చూసేవి, కూర్చుని చూసేవి. నిలబడే చోట్ల ధర తక్కువ, ఉత్సాహం ఎక్కువ. కానీ ముందు వరుసలో జెండాలు పట్టుకున్నవారు నిలిచినప్పుడు పొట్టివారికి ఏమీ కనిపించదు. పెద్దవారితో వెళ్తున్నారు కనుక డబ్బు గురించి ఆలోచించకుండా కూర్చునే టికెట్లే తీసుకోండి. అవి త్వరగా అయిపోతాయి. నిర్వాహకుల అధికారిక వెబ్‌సైటులో తప్ప మరెక్కడా కొనవద్దు.

సందేహి రాశారు:

నా అభిప్రాయం కొంచెం వేరు. ఈ ఆటను టెలివిజన్‌లో చూసినంత స్పష్టంగా మైదానంలో చూడలేము. తెర మీద దూకేవాని ముఖం, స్కీల కోణం, దూరాన్ని సూచించే గీత, గాలి వేగం అన్నీ కనిపిస్తాయి. మైదానంలో ఎక్కడో పైన ఒక చుక్క కదిలి, క్షణాలలో కిందికి వచ్చి ఆగుతుంది. ఆ ఒక్క జంప్ తరువాత మరొకటి, ఇలా ఎనభై సార్లు అదే చూడాలి. సున్నా డిగ్రీల చలిలో మూడు నాలుగు గంటల పాటు ఇందుకోసం పెద్దవారిని నిలబెట్టడం కంటే, అదే గార్మిష్ నుంచి పళ్లచక్రాల రైలులో జర్మనీలోని అతి ఎత్తైన శిఖరం త్సుగ్‌ష్పిట్సెకు, అంటే 2,962 మీటర్ల ఎత్తుకు, తీసుకెళ్తే వారికి జీవితాంతం గుర్తుంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చి పోటీని తెర మీద చూపవచ్చు.

ఆల్ప్స్ అంచు రాశారు:

సందేహి గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. దూకే మనిషి ముఖం కనిపించదు, అది మైదానంలోని పెద్ద తెర మీద చూసుకోవలసిందే. కానీ టెలివిజన్ దాచిపెట్టేది ఒకటి ఉంది, అది వాలు. కెమెరా ఎక్కడ పెట్టినా కొండ చదునుగా కనిపిస్తుంది. స్టేడియంలో నిలబడి తల ఎత్తి చూసినప్పుడు, దిగే వాలు మీద మనం నడవడం కూడా అసాధ్యమని మొదటి చూపులోనే తెలుస్తుంది. ఆ వాలు మీదుగా, దాని ఒంపుకు సమాంతరంగా మనిషి కిందికి వస్తుంటాడు. తక్కువ ఎత్తులో, ఎక్కువ దూరం వెళ్లడమే ఇక్కడ నేర్పు. మీ నాన్నగారి ప్రశ్నకు సగం సమాధానం అక్కడే దొరుకుతుంది: అతను పడిపోతూనే ఉంటాడు, నేల కూడా అతనితో పాటు కిందికి జారిపోతూ ఉంటుంది.

రెండవది శబ్దం. గంటకు తొంభై కిలోమీటర్ల వేగానికి దగ్గరగా జారుకుంటూ వచ్చి ర్యాంపు అంచును వదిలిన క్షణాన గాలిని చీల్చే హోరు, తరువాత గట్టిపడిన మంచు మీద రెండు స్కీలు పడినప్పుడు వచ్చే చప్పుడు తెర మీద వ్యాఖ్యాత గొంతు కింద మునిగిపోతాయి. దూకినవాడు గాలిలో ఉన్నంతసేపూ జర్మన్ ప్రేక్షకులు ‘త్సీ...’ అని దీర్ఘం తీస్తూ అరుస్తారు. అంటే లాగు, ఇంకా లాగు అని. వేలమంది ఒకే ఊపిరితో తీసే ఆ దీర్ఘం దూరాన్ని బట్టి పెరిగి, నేల తాకగానే హర్షధ్వానంగా మారడమో, నిట్టూర్పుగా తెగిపోవడమో జరుగుతుంది. కళ్లు మూసుకుని కూడా ఎవరు ఎంత దూరం వెళ్లారో కొంతవరకు చెప్పవచ్చు.

ఆ కొండ గురించి మరొక మాట. 1936 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఊరు ఇది, స్టేడియం ఆనాటిదే. నాజీల పాలనలో, వారి ప్రచారానికి వేదికగా కట్టించిన కట్టడాల మధ్య నిలబడుతున్నామన్న ఎరుక ఉండడం మంచిది. పాత జంపింగ్ కట్టడాన్ని 2007లో కూల్చి, అదే చోట కొత్తది నిర్మించారు. చీకటి పడ్డాక అది లోపలి నుంచి వెలుగుతూ దూరానికి కూడా కనిపిస్తుంది.

లెక్కల మాస్టారు రాశారు:

నేను రాజమహేంద్రవరంలో ఉంటాను, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. ఆల్ప్స్ పర్వతాలను కళ్లతో చూసే అదృష్టం కలగలేదు గానీ, మన కాలమానం ప్రకారం జనవరి 1న సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే ఈ పోటీని చాలా ఏళ్లుగా వదలకుండా చూస్తున్నాను. నియమాలు అర్థం కావేమోనన్న భయం అక్కర లేదు, ఒక్కసారి లెక్క తెలిస్తే చాలు.

ప్రతి కొండకూ కె పాయింట్ అని ఒక గీత ఉంటుంది. గార్మిష్‌లో అది 125 మీటర్ల దగ్గర ఉంది. సరిగ్గా ఆ గీత వరకు దూకితే 60 పాయింట్లు వస్తాయి. ఇంత పెద్ద కొండ మీద ఆ గీతను దాటిన ప్రతి మీటరుకూ 1.8 పాయింట్లు కలుపుతారు, తక్కువ దూకితే అదే చొప్పున తీసివేస్తారు. అంటే 135 మీటర్లు దూకినవారికి దూరం కింద 78 పాయింట్లు. ఆ పైన అయిదుగురు న్యాయనిర్ణేతలు ఒక్కొక్కరు 20కి మార్కులు వేస్తారు; వాటిలో అత్యధికం, అత్యల్పం వదిలి మిగిలిన మూడింటిని కలుపుతారు. నేలను తాకేటప్పుడు ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు చాపి నిలబడే టెలిమార్క్ భంగిమ లేకపోతే మార్కులు పోతాయి. ఎంత దూరం దూకినా రెండు కాళ్లూ పక్కపక్కనే పెట్టి దిగినవాడు ఓడిపోయే సందర్భాలు అందుకే వస్తుంటాయి. చివరగా గాలి లెక్క. ఎదురుగాలి ఈ ఆటలో మిత్రుడు, కింది నుంచి ఎత్తి పట్టుకుంటుంది. అందువల్ల ఎదురుగాలి దొరికినవారికి కొన్ని పాయింట్లు తగ్గించి, వెనుకగాలి తగిలినవారికి కలుపుతారు. దూకేవారు కూర్చుని బయలుదేరే పట్టీని పైకో కిందికో మార్చినప్పుడు కూడా ఇలాంటి సవరణ ఉంటుంది. ఎక్కువ దూరం వెళ్లినవాడు కింది స్థానంలో ఎందుకున్నాడని ఎవరైనా అడిగితే వీటిలో ఏదో ఒకటి కారణమని చెప్పండి.

ఈ టోర్నమెంట్‌లో మాత్రమే కనిపించే మరొక విశేషం, మొదటి రౌండులోని జంటల పోరు. ముందు రోజు జరిగే అర్హత పోటీ, అంటే క్వాలిఫికేషన్‌లో మొదటి స్థానం వచ్చినవాడు 50వ స్థానం వాడితో, రెండవవాడు 49వ వాడితో, ఇలా ఇరవై అయిదు జంటలు తలపడతాయి. గెలిచిన ఇరవై అయిదుగురికి, ఓడినవారిలో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న అయిదుగురిని చేర్చి ముప్పై మందితో రెండవ రౌండు జరుపుతారు. సందేహి గారు ఎనభై సార్లు ఒకటే చూడాలన్నారు గానీ, మొదటి గంటలో మనం చూసేది ఇరవై అయిదు చిన్న కుస్తీలను. ఏ ఇద్దరిలో ఎవరు గెలుస్తారని మీ నాన్నగారితో పందెం కాయండి, సమయం తెలియదు.

స్కీలను వి ఆకారంలో విప్పి దూకే పద్ధతిని 1980లలో స్వీడన్‌కు చెందిన యాన్ బోక్లోవ్ వాడినప్పుడు న్యాయనిర్ణేతలు అందంగా లేదని మార్కులు కోసేవారు. అయినా అతను 1988-89లో ప్రపంచ కప్ గెలిచాడు, కొన్నేళ్లలోనే లోకమంతా అతని దారి పట్టింది. రెండు స్కీల మధ్య దేహాన్ని ముందుకు వాల్చినప్పుడు గాలికి ఎదురయ్యే వైశాల్యం పెరుగుతుంది. మీ నాన్నగారి ప్రశ్నలో మిగిలిన సగానికి అదే సమాధానం. వదులు దుస్తులు కూడా ఆ వైశాల్యాన్ని పెంచుతాయి కనుకే ఈ ఆటలో దుస్తుల కొలతల మీద అంత పట్టుదల. 2025లో ట్రోండ్‌హైమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నార్వే జట్టు దుస్తుల కుట్లలో మార్పు చేసినట్లు బయటపడి పెద్ద దుమారమే రేగింది.

మేఘమాల రాశారు:

నేను వైద్యురాలిని, న్యూరెంబెర్గ్‌లో పని చేస్తున్నాను. ముందుగా ఒక మాట. అమ్మగారిని ఇంట్లో ఉంచాలన్న నిర్ణయం ఆమెను అడిగి తీసుకున్నదేనా? మన ఇళ్లలో మోకాళ్ల నొప్పుల పేరు చెప్పి ఆడవారిని ప్రయాణాల నుంచి తప్పించడం చాలా సులువుగా జరిగిపోతుంది. కూర్చునే చోటు ఉండి, బస్సు ఉంటే ఆమె రాలేకపోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

చలి గురించి. నడుస్తున్న మనిషికి సరిపోయే దుస్తులు కదలకుండా కూర్చున్న మనిషికి చాలవు. మంచు మీద, కాంక్రీటు మీద పెట్టిన పాదాల నుంచి వేడి నిరంతరం పోతూనే ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న ప్రేక్షకులు పాదాల కింద వేసుకోవడానికి మందపాటి ఫోము ముక్కో, అట్టముక్కో తెచ్చుకుంటారు, కూర్చోవడానికి కూడా ఒకటి ఉంచుకుంటారు. రెండు జతల సాక్సులు వేసి బూట్లలోకి కాళ్లను ఇరికించడం మేలు చేయదు. బిగుతు వల్ల రక్తప్రసరణ తగ్గి వేళ్లు మరింత చల్లబడతాయి. ఒక్క జత మందపాటి ఉన్ని సాక్సులు, ఒక సైజు పెద్ద బూట్లు మంచివి. లోపల నూలు బనియను చెమటను పట్టి ఉంచుతుంది కనుక దాని బదులు ఉన్ని లేదా సింథటిక్ థర్మల్స్ వేయండి. అమ్మగారు చీరకే అలవాటు పడినవారైతే చీర కింద థర్మల్ ప్యాంటు వేసుకోవచ్చు గానీ, కుచ్చిళ్ల అంచు మంచులో తడిసి బరువెక్కుతుంది. ఆ ఒక్క రోజుకు పంజాబీ దుస్తులు గానీ ప్యాంటు గానీ ఒప్పిస్తే నడకకు కూడా సురక్షితం. మంకీ క్యాప్ గురించి ఎవరూ సిగ్గుపడవద్దు, అక్కడ అందరి తలల మీదా అంతకంటే వింతవి ఉంటాయి.

నాన్నగారి విషయంలో మూడు జాగ్రత్తలు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గి ఉంటే చలి ఎక్కుతున్న సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, కనుక బాగానే ఉన్నానన్న మాటను నమ్మి ఊరుకోక, రెండు రౌండ్ల మధ్య విరామంలో లేచి నాలుగడుగులు నడిపించండి. ఇన్సులిన్ వాడుతుంటే దానిని బయటి సంచిలో ఉంచకూడదు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, కోటు లోపలి జేబులో పెట్టండి. గ్లూకోజు కొలిచే పరికరం కూడా చలిలో సరిగ్గా పని చేయకపోవచ్చు, అదీ లోపలే ఉండాలి. తినవలసిన వేళకు తినేలా చూడండి. స్టాళ్లలో శాకాహారులకు ప్రెట్జెల్ రొట్టె, వేయించిన బంగాళదుంపలు తప్ప పెద్దగా దొరకవు. వేడి వేడి మసాలా వైన్ అమ్ముతారు, ఆల్కహాలు లేని ‘కిండర్‌పున్ష్’ కూడా ఉంటుంది గానీ అందులో చక్కెర చాలా ఎక్కువ. బయటి ఆహారం, ఫ్లాస్కు, సంచి పరిమాణాల మీద ఆంక్షలు ఉంటాయి, టికెట్‌తో వచ్చే నియమావళి చదివి తరువాత పులిహోర కట్టుకోండి. జనవరి 1న జర్మనీలో సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి కావలసినవి 31వ తేదీ మధ్యాహ్నానికే కొని పెట్టుకోవాలి.

షెంగెన్ వీసాకు ఎలాగూ కనీసం 30,000 యూరోల వైద్య బీమా చేయించి ఉంటారు. దాని కాగితం ప్రతి ఒకటి దగ్గర ఉంచుకోండి. ఇలాంటి చోట్ల మేము ఆసుపత్రిలో చూసేది చలి దెబ్బ తగిలినవారిని కాదు, తిరుగు దారిలో మంచు మీద జారి మణికట్టు విరిగినవారిని. బూట్లకు తగిలించుకునే ముళ్ల పట్టీలు క్రీడా దుకాణాలలో దొరుకుతాయి.

ఓరుగల్లు విద్యార్థి రాశారు:

నేను ఇన్స్‌బ్రుక్‌లో చదువుకుంటున్నాను. గార్మిష్ టికెట్లు దొరకకపోతే మూడవ పోటీకి ఇక్కడికి రావచ్చు. మ్యూనిక్ నుంచి రైలులో రెండు గంటల లోపే. బెర్గిజెల్ కొండ మీది కట్టడాన్ని వాస్తుశిల్పి జహా హదీద్ రూపొందించారు, 2002లో ప్రారంభమైంది. కొండ ఊరిలోనే ఉంది, స్టేడియం గిన్నెలా లోపలికి ఒంపు తిరిగి ఉండడం వల్ల ఏ మూల నుంచి చూసినా దూకేవారు దగ్గరగా ఉన్నట్లు అనిపిస్తారు. పై నుంచి బయలుదేరేవారికి ఎదురుగా కనిపించేది నగరం, దాని ముందు విల్టెన్ శ్మశానవాటిక. ఆ సంగతి చెబితే మా స్నేహితులందరూ నవ్వుతారు గానీ, పట్టీ మీద కూర్చున్నవారికి నవ్వు వస్తుందని నేననుకోను.

అయితే ఒక చిక్కు ఉంది. దక్షిణం నుంచి వీచే ఫోన్ అనే వెచ్చటి గాలికి ఈ లోయ పేరు పొందింది. 2022లో ఆ గాలి వల్లనే ఇక్కడి పోటీని రద్దు చేసి బిషోఫ్స్‌హోఫెన్‌కు మార్చారు, 2008లో కూడా అలాగే జరిగింది. దూరం నుంచి పెద్దవారిని తీసుకొచ్చేవారు ఇది గమనంలో ఉంచుకోవాలి. వీసా పరంగా ఇబ్బంది లేదు, కానీ జర్మనీకి తిరిగి వెళ్లేటప్పుడు రైలులో పోలీసులు తనిఖీ చేస్తుంటారు కనుక అమ్మానాన్నల పాస్‌పోర్టులు తప్పక వెంట ఉండాలి.

సప్పోరో చలి రాశారు:

ఐరోపాకు వెళ్లలేనివారి కోసం ఒక మాట. జపాన్‌లోని సప్పోరోలో 1972 ఒలింపిక్స్ జరిగిన ఒకురయామా కొండ మీద కూడా ప్రపంచ కప్ పోటీలు జరుగుతుంటాయి. జనం తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ, చలి మాత్రం గార్మిష్‌ను మించి ఉంటుంది. అక్కడ 2024 ఫిబ్రవరిలో నొరియాకి కసాయ్ 51 ఏళ్ల వయసులో ప్రపంచ కప్ పోటీలో దూకారు. మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పండి, వాలీబాల్ మళ్లీ మొదలుపెడతారేమో!

కృష్ణాతీరం రాశారు:

ఇంత వివరంగా సమాధానాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మేఘమాల గారి ప్రశ్న చదివాక అమ్మకు ఫోను చేసి అడిగాను. మీ నాన్న ఒక్కరే చూసి వచ్చి ఏడాది పొడుగునా నాకు కథలు చెబుతుంటే నేను వినాలా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. కనుక ముగ్గురమూ వెళ్తున్నాము. అయితే జనవరి 1న కూర్చునే టికెట్లు ముగ్గురికీ కలిపి చూస్తే ఖర్చు గట్టిగానే ఉంది. డిసెంబరు 31న జరిగే క్వాలిఫికేషన్‌కు ధర బాగా తక్కువ. అది చూస్తే సరిపోతుందా, లేక అసలు పోటీ చూడకపోతే వెలితిగా ఉంటుందా?

ఆల్ప్స్ అంచు రాశారు:

మీ పరిస్థితిలో నేనైతే 31వ తేదీనే ఎంచుకుంటాను. కొండ అదే, దూకేవారు వారే, పైగా రద్దీ చాలా తక్కువ కాబట్టి దిగే వాలుకు దగ్గరగా, నచ్చిన చోట నిలబడవచ్చు, అలసిపోతే వెనక్కి వచ్చి కూర్చోవచ్చు. క్వాలిఫికేషన్‌లో ఒక్కొక్కరికీ ఒక్క జంపే కనుక సుమారు గంటలో ముగుస్తుంది. దానికి ముందు సాధన కూడా జరుగుతుంది, అది చూస్తూ నియమాలను నెమ్మదిగా అలవాటు చేసుకోవచ్చు. లోపించేది ఆ వేలాది గొంతుల హోరు. అది చిన్న లోటు అని నేను అనను. కానీ పెద్దవారిని గుంపులో ఇరికించే భయం లేకుండా, కొండను కొండగా చూడడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి, ఆ రోజు అన్ని వైపులా బాణసంచా మొదలవుతుంది కనుక చీకటి పడకముందే రైలు ఎక్కడం మంచిది. మామూలు పని రోజున బయర్న్ టికెట్ ఉదయం తొమ్మిది తరువాతే చెల్లుతుందన్న సంగతి కూడా చూసుకోండి.

సందేహి రాశారు:

ఈ సూచనతో నాకు పేచీ లేదు. తక్కువ ఖర్చు, తక్కువ సేపు, తక్కువ జనం. స్టేడియం పక్క నుంచే పార్ట్‌నాఖ్ లోయకు దారి ఉంది, చలికాలంలో రాతి గోడల మీద మంచు శూలాలు వేలాడుతుంటాయి. అయితే అమ్మగారి మోకాళ్లతో ఆ లోయలోకి దిగవద్దు, బాట తడిగా, ఇరుకుగా ఉంటుంది. టెలివిజన్ మెరుగన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు. అసలు పోటీని 1వ తేదీన ఇంట్లో వెచ్చగా కూర్చుని చూడండి. ముందు రోజు కొండను చూసి ఉంటారు కాబట్టి ఇద్దరి మాటా నెగ్గినట్లే.

లెక్కల మాస్టారు రాశారు:

క్వాలిఫికేషన్‌ను తక్కువగా అంచనా వేయకండి. మొదటి యాభై మందిలో చోటు కోసం పట్టికలో అడుగున ఉండే జట్ల ఆటగాళ్లు ప్రాణం పెట్టి దూకుతారు, వారికి అదే ఫైనలు. పేరున్నవాడు గాలి అనుకూలించక ముప్పయ్యో స్థానానికి పడిపోతే, మరునాడు అతనికి గట్టి ప్రత్యర్థి ఎదురవుతాడు. చేతిలో కాగితం, కలం ఉంచుకుని స్థానాలు రాసుకోమని మీ నాన్నగారికి చెప్పండి. ఎవరు ఎవరితో తలపడతారో ప్రకటన రాకముందే, స్థానాలు కలిపితే 51 రావాలన్న లెక్కతో ఆయనే చెప్పేయగలరు.

మరొక సంగతి, 2021 జనవరి 1న పోలండ్‌కు చెందిన దవిద్ కుబాట్స్కీ ఈ కొండ మీద 144 మీటర్లు దూకారు. మహమ్మారి కారణంగా ఆ రోజు స్టేడియంలో ప్రేక్షకులు లేరు. అంత దూరపు జంప్ను కళ్లారా చూసే భాగ్యం ఎవరికీ కలగలేదు కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కృష్ణాతీరం రాశారు:

31వ తేదీకి మూడు టికెట్లు తీసుకున్నాను. బూట్ల ముళ్ల పట్టీలు, ఫోము ముక్కలు కొనవలసిన జాబితాలో చేరాయి. 1వ తేదీన పోటీని ఇంట్లో అందరమూ కలిసి చూస్తాము. టికెట్లు ఫోనులో వచ్చాయి, అలాగే చూపితే సరిపోతుందా?

ఆల్ప్స్ అంచు రాశారు:

సరిపోతుంది గానీ, చలిలో ఫోను బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. లోపలి జేబులో ఉంచండి, ముగ్గురి టికెట్లనూ కాగితం మీద కూడా ముద్రించుకోండి. ప్రవేశ ద్వారం దగ్గర చేతి తొడుగులు తీసి తెర మీద వేలు తిప్పే అవస్థ కూడా తప్పుతుంది.